“చూసుకుంటాం” అన్న తరువాత

మా అమ్మ తుంటి ఎముక ఆపరేషను అయి ఇంటికి వచ్చిన మూడో వారంలో, డల్లాసులో ఉండే మా తమ్ముడు నాకు వాట్సాప్‌లో ఒక జాబితా పంపాడు. పెద్దవాళ్ళను చేర్చే ముందు వృద్ధుల హోమ్ వాళ్ళను అడగవలసిన నలభై రెండు ప్రశ్నలు అందులో ఉన్నాయి. నేను దాన్ని అరండల్‌పేటలో ప్రింటు తీయించి, ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని, ఐదు వారాల పాటు గుంటూరుకూ విజయవాడకూ మధ్య ఆరు హోములు తిరిగాను. అమ్మను ఇంట్లో ఉంచుకోకుండా హోమ్‌లో చేర్చడం న్యాయమా కాదా అన్న చర్చ ఇక్కడ చేయబోవడం లేదు. ఆ చర్చ మా ఇంట్లో ఏడుపులతో సహా పూర్తయింది. మా ఆవిడ నడుము, నా మోకాళ్ళు, ఎనభై మూడేళ్ళ మనిషిని రాత్రికి నాలుగుసార్లు లేపి కూర్చోబెట్టవలసిన అవసరం, ఈ మూడూ కలిసి దాన్ని ముగించాయి. చెప్పదలచుకున్నది వేరు. ఆ నలభై రెండింటిలో చాలా వాటికి ఇక్కడ జవాబులు లేవు. జవాబులు దొరికేవాటిలో కూడా చాలా వాటిని అడిగి ప్రయోజనం లేదు. ప్రశ్న కంటే ముఖ్యంగా, దాన్ని అడిగే పద్ధతి ఒకటి ఉంది. అది నాకు నాలుగో హోమ్‌కు వెళితే గాని బోధపడలేదు.

జాబితాలో మొదటిది “తాజా తనిఖీ నివేదిక చూపించగలరా?” అన్న ప్రశ్న. అమెరికాలో నర్సింగ్ హోములకు, అంటే మన దగ్గరిలా చిన్న ఆసుపత్రులకు కాదు, వృద్ధులను ఉంచి చూసుకునే చోట్లకు, కేంద్ర ప్రభుత్వం ఒకటి నుంచి ఐదు వరకు నక్షత్రాలిచ్చి, అవి అందరికీ కనబడేలా ఉంచుతుంది. ఇంగ్లండులోనూ కేర్ హోములను తనిఖీ చేసి నాలుగు శ్రేణులలో ఒకటి ఇచ్చే సంస్థ ఉంది. తనకు వచ్చిన శ్రేణిని హోమ్ నలుగురికీ కనబడే చోట పెట్టాలి. నేను పోరంకి వైపు చూసిన మొదటి హోమ్‌లో ఈ ప్రశ్న అడిగితే, మేనేజరు గారు కాసేపు ఆలోచించి గోడకు వేలాడుతున్న ఒక ఫ్రేము చూపించారు. అది సొసైటీగా నమోదైన ధ్రువపత్రం. భజన సమాజానికైనా, క్రికెట్ క్లబ్బుకైనా వచ్చేది అలాంటి కాగితమే. “ఇంకేం కావాలండీ, గవర్నమెంటు రిజిస్ట్రేషనే ఉంది కదా” అన్నారాయన. మోసం చేయాలని అన్న మాట కాదది.

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పిల్లలు చూడకపోతే ఆర్డీవో దగ్గరికి వెళ్ళవచ్చునన్న సంగతి మనవాళ్ళలో చాలామందికి తెలుసు. అదే చట్టంలో 19వ సెక్షను ఆశ్రమాల గురించి చెబుతుంది: జిల్లాకు కనీసం ఒకటితో మొదలుపెట్టి, 150 మంది నిరుపేద వృద్ధులకు చోటుండేలా రాష్ట్ర ప్రభుత్వం ఆశ్రమాలు నెలకొల్పవచ్చు, వాటిలో పాటించవలసిన ప్రమాణాలను నిర్ణయించవచ్చు. ఆ “వచ్చు” మీద నా దృష్టి తరువాత పడింది. వృద్ధుల హోములన్నీ తప్పనిసరిగా నమోదు కావాలని, వాటికి కనీస ప్రమాణాలుండాలని ప్రతిపాదించిన సవరణ బిల్లును 2019 డిసెంబరులో లోక్‌సభలో పెట్టారు. అది చట్టం కాకుండానే ఆ సభ గడువు తీరిపోయింది. కాబట్టి నెలనెలా డబ్బు కట్టి చేరే మధ్యతరగతి హోమ్‌కు ఆచరణలో తనిఖీ అధికారి ఎవరంటే, గేటు దగ్గర ఆటో దిగి లోపలికి నడిచిన కొడుకో కూతురో.

ఉంటారా, ఉన్నారా?

మా ఆవిడ ముప్పై ఏళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో తెలుగు చెప్పింది. తాడిగడపలో మూడో హోమ్ చూసి బయటికి వచ్చాక ఆమె అన్న మాటతోనే నాకు దారి దొరికింది. “ఆయన ఒక్క ప్రశ్నకైనా భూతకాలంలో జవాబు చెప్పాడా, గమనించారా?” అన్నది.

కవరులోంచి కాగితం తీసి, పక్కన నేను రాసుకున్న జవాబులు చూసుకున్నాను. రాత్రిపూట నర్సు ఉంటుందా? ఉంటుందండీ. డాక్టరు వస్తారా? వస్తారండీ, వారానికి రెండుసార్లు. మంచం మీద ఉన్నవాళ్ళను రెండు గంటలకొకసారి పక్కకు తిప్పుతారా? తిప్పుతామండీ. ఏదైనా అయితే ఫోను చేస్తారా? వెంటనే చేస్తామండీ. మీకెందుకు, సొంత తల్లిలా చూసుకుంటామండీ. మన భాషలో ఈ క్రియారూపానికి ఒక వెసులుబాటు ఉంది. “సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు” అన్నా ఇదే రూపం, “రేపు వస్తాను” అన్నా ఇదే రూపం. ఎప్పుడూ జరిగేదానికీ ఇకముందు జరగబోయేదానికీ మనం ఒకే మాట వాడతాం. వ్యాకరణం తద్ధర్మం వేరు, భవిష్యత్తు వేరు అని చెబుతుంది గాని, వాడుకలో రెండూ ఎప్పుడో కలిసిపోయాయని మా ఆవిడ చెప్పింది. అందువల్ల “రాత్రి నర్సు ఉంటుంది” అన్న మాటను అబద్ధం అనలేము. అది జరుగుతున్న సంగతో, జరిపిస్తామన్న హామీయో వినేవాడే తేల్చుకోవాలి. చెప్పేవాడికి కూడా తాను ఏది చెబుతున్నాడో తెలిసి ఉండాలని లేదు.

నేను బ్యాంకు ఉద్యోగంలో చివరి ఏడేళ్ళు ఇన్‌స్పెక్షను విభాగంలో ఉన్నాను. బ్రాంచికి వెళ్ళి “క్యాషు రోజూ లెక్కపెడతారా?” అని మేమెన్నడూ అడగలేదు. “శుక్రవారం ముగింపు నిల్వ ఎంత, ఆ రోజు రెండో తాళంచెవి ఎవరి దగ్గరుంది?” అని అడిగేవాళ్ళం. ఆ బుద్ధి అమ్మ విషయంలో రాకపోవడానికి కారణం సిగ్గు. బ్రాంచిలో నేను తనిఖీకి వచ్చిన ఆఫీసరును. హోమ్ ఆఫీసు గదిలో తల్లిని దింపిపోవడానికి వచ్చిన కొడుకును. తనే ఏదో తప్పు చేస్తున్నానని లోపల అనుకునేవాడికి ఎదుటివాణ్ణి నిలదీసే గొంతు రాదు. అన్ని ప్రశ్నలూ “అవును” వచ్చేలా అడిగి, “అవును” అనిపించుకుని, గుండె తేలిక చేసుకుని ఇంటికి వస్తున్నానని నాకు అప్పుడు తెలిసింది.

గుంటూరు గోరంట్ల వైపున్న నాలుగో హోమ్‌లో ప్రశ్న మార్చాను. టేబులు వెనుక ఉన్న కుర్రవాడు మర్యాదస్తుడు. రాత్రిపూట సిస్టరు ఉంటుందని అప్పటికే ఒకసారి చెప్పి ఉన్నాడు. “నిన్న రాత్రి ఎవరున్నారు బాబూ?” అన్నాను.

“నిన్న రాత్రి అంటే... సిస్టరు సెలవు పెట్టిందండీ. ఇద్దరు ఆయాలున్నారు.”

“ఎంతమందికి?”

“ముప్పై ఒక్కరికండీ.”

“కింద ఒకరు, మేడ మీద ఒకరా?”

“ఇద్దరూ కిందే పడుకున్నారండీ. పైన వాళ్ళు బెల్లు కొడితే వెళ్ళి చూస్తారు.”

మేడ మీదికి వెళ్ళి చూశాను. ప్రతి మంచం తలవైపు గోడకు బెల్లు స్విచ్చి ఉంది, దాని నుంచి వేలాడవలసిన తీగను చుట్ట చుట్టి కిటికీ ఊచకు కట్టేశారు. పడుకున్న మనిషి చెయ్యి అక్కడిదాకా అందదు. నేనే నిలబడి ఒకటి నొక్కాను. కిందినుంచి ఏ చప్పుడూ లేదు. పక్క మంచం మీద ఒత్తిగిలి పడుకున్న ముసలావిడ నా అవస్థ చూసి, “అది మోగదు నాయనా. మోగితే వాళ్ళకి నిద్ర చెడుతుందని ఊడబీకారు” అన్నది. ఆమె గొంతులో ఫిర్యాదు లేదు. కొత్తగా వచ్చినవాడికి ఆ ఊరి బస్సు వేళలు చెప్పినట్టు చెప్పింది.

ఎవరూ పడని ఇళ్ళు

నన్నెవరైనా ఒకే ఒక్క ప్రశ్న చెప్పమంటే ఇదే చెబుతాను: “ఇక్కడ ఆఖరిసారి పడిపోయింది ఎవరు, ఎప్పుడు, ఆ తరువాత గంటలో ఏం జరిగింది?” పేరు చెప్పనవసరం లేదు, వయసు చెబితే చాలు. ఈ ప్రశ్నకు రెండు చోట్ల “మా దగ్గర ఎవరూ పడరండీ” అన్న జవాబు వచ్చింది. మొదట నాకు అది బాగానే అనిపించింది. ఎనభై దాటిన వాళ్ళు ముప్పై మంది ఉన్న చోట ఏడాదిలో ఒక్కరు కూడా పడలేదంటే దానికి రెండే అర్థాలున్నాయని తరువాత తోచింది: వాళ్ళను మంచం దిగనివ్వడం లేదు, లేదా పడినవాళ్ళను లెక్కలో వేయడం లేదు. రెండోదాని కంటే మొదటిదే నన్ను ఎక్కువ భయపెట్టింది. నడిచే మనిషిని నెల రోజులు మంచం మీద ఉంచితే తరువాత ఆ మనిషి నిజంగానే పడడు, ఎందుకంటే లేవలేడు.

నల్లపాడు దారిలో ఉన్న ఐదో హోమ్‌ను నడుపుతున్నావిడ పూర్వం ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి పదవీ విరమణ పొందారు. ప్రశ్న పూర్తికాకుండానే, “పోయిన నెలలో ఇద్దరు పడ్డారండీ” అన్నారు. ఒకరు బాత్రూము గుమ్మం దగ్గర రాత్రి రెండింటికి పడ్డారట, మణికట్టు విరిగిందట. 108 మరో కేసు మీద దూరంగా ఉందని తెలిసి, ఎదురింటి వాళ్ళ కారులో తీసుకెళ్ళారట, కూతురికి దారిలో ఉండగానే ఫోను చేశారట. రెండో ఆయన మంచం దిగుతూ జారారు, దెబ్బ తగలలేదు. “మణికట్టు మా తప్పేనండీ. గుమ్మం దగ్గర బల్బు పోయి రెండు రోజులైంది, నేను చూసుకోలేదు” అన్నారావిడ. తరువాత మమ్మల్ని ఆ గుమ్మం దగ్గరకు తీసుకెళ్ళి, కొత్త బల్బునూ, దానికి అడుగు దూరంలో పెట్టించిన రెండో బల్బునూ చూపించారు. రాత్రిళ్ళు ఎక్కువసార్లు లేచేవాళ్ళ మంచాల పక్కన కమోడ్ కుర్చీలు కనబడ్డాయి.

బయటికి వచ్చాక నేను వద్దన్నాను. ఎముకలు విరిగే చోటికి, ఎముక విరిగిన మనిషిని ఎలా పంపుతాం అని నా వాదన. మా ఆవిడ నా వైపు చూసి, “మిగతా చోట్ల విరగలేదని మీకెవరు చెప్పారు? విరగవని చెప్పారు, అంతే” అన్నది.

దీని మీద నాకు ఒక సందేహం ఇప్పటికీ ఉంది, దాచను. తప్పు ఒప్పుకోవడం వేరు, జాగ్రత్తగా ఉండడం వేరు. చక్కగా ఒప్పుకునే నేర్పు ఉన్నవాళ్ళు అజాగ్రత్తగానూ ఉండవచ్చు. నేను బ్యాంకులో అలాంటి మేనేజర్లను చూశాను, ప్రతి తనిఖీలోనూ అవే తప్పులను అదే వినయంతో ఒప్పుకునేవారు. అందుకని ఒప్పుకోలును కాక బల్బును లెక్కలోకి తీసుకున్నాను.

భూతకాలం కూడా అబద్ధమాడుతుంది. ఆరో హోమ్ విజయవాడ భవానీపురంలో ఉంది. అక్కడ మంచం పట్టినవాళ్ళను పక్కకు తిప్పే రిజిస్టరు ఉంది, అడగ్గానే తెచ్చి చూపించారు. పొద్దున ఆరు, ఎనిమిది, పది, పన్నెండు, రెండు, నాలుగు, ఆరు, వరుసగా అన్నిటి పక్కనా టిక్కులు ఉన్నాయి, సంతకాలు ఉన్నాయి. అప్పుడు గోడ గడియారంలో మధ్యాహ్నం మూడూ నలభై అయింది. రాబోయే రెండు గడులూ ముందే నిండిపోయాయి. ఆ అమ్మాయిని నేనేమీ అనలేదు; రోజంతా గుర్తు పెట్టుకుని రాయలేక పొద్దునే ఒకేసారి గీసి ఉంటుంది, నిజంగా తిప్పుతూనే ఉండవచ్చు కూడా. కాని ఆ పుస్తకానికి ఇక విలువ లేదు. అప్పటి నుంచి నేను పుస్తకం బదులు మనుషుల లెక్క అడగడం నేర్చుకున్నాను: “ఇప్పుడు ఎంతమందికి వీపునా మడమలనా పుండ్లున్నాయి? వాటిలో ఆసుపత్రి నుంచి వచ్చేటప్పటికే ఉన్నవి ఎన్ని, ఇక్కడ పడినవి ఎన్ని?” ఈ లెక్క నోటికి ఉన్నవాళ్ళు రోజూ చూస్తున్నవాళ్ళే.

కట్టేయడం గురించి, నిద్రమాత్రల గురించి కూడా ఇదే పద్ధతిలో అడగాలి. “చేతులు కట్టేస్తారా?” అంటే ఎవరైనా “రామ రామ” అంటారు. “ముక్కులో గొట్టం పీక్కునే వాళ్ళు ఎవరైనా ఉన్నారా, మొన్న పీక్కున్నప్పుడు ఏం చేశారు?” అంటే సంగతి బయటికి వస్తుంది. నిద్రమాత్ర ఎంతమందికి పడుతోంది, ఆ చీటీ రాసింది ఏ డాక్టరు అన్నది కూడా అడగవలసిందే. మధ్యాహ్నం మూడింటికి హాలంతా నిద్రపోతూ ఉంటే అది ప్రశాంతత అని నేను ఒక చోట పొరబడ్డాను.

బుడమేరు వచ్చిన రోజు

విజయవాడలో హోమ్ చూసేవాళ్ళకు తారీఖుతో సహా సిద్ధంగా ఉన్న ప్రశ్న ఒకటుంది. “2024 సెప్టెంబరు 1న మీ దగ్గర ఏం జరిగింది?” ఆ ఆదివారం బుడమేరు వాగు సింగ్‌నగర్‌నూ పాయకాపురాన్నీ ముంచడం, మర్నాడు ప్రకాశం బ్యారేజీ కిందికి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వదలడం ఇక్కడివాళ్ళకు గుర్తు చేయనక్కరలేదు. నగరం ఉత్తరపు వైపు ఉన్న రెండో హోమ్‌కు ఈ ఒక్క ప్రశ్న కోసమే మళ్ళీ వెళ్ళాను. మేనేజరు కొత్తవాడు, వాచ్‌మన్‌ను పిలిచాడు.

“కింద పదకొండు మంది ఉన్నారు బాబూ, నడవలేనోళ్ళు. నీళ్ళు మంచాల కోళ్ళ దాకా వచ్చినయ్. ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెట్టి ఒక్కో కుర్చీని నలుగురం పట్టుకుని మేడెక్కించాం. రెండో రోజుకి డైపర్లు అయిపోయినయ్, పాత చీరలు చింపాం. మంచినీళ్ళు పడవలో ఇచ్చిపోయారు.”

పదకొండు మందినీ ఎక్కించారు, అందరూ బతికారు. ఆ వాచ్‌మన్‌కు నేను మనసులో దండం పెట్టుకున్నాను. తరువాత చూస్తే, నడవలేనివాళ్ళ మంచాలు అప్పటికీ కింది గదుల్లోనే ఉన్నాయి. లిఫ్టు లేదు కాబట్టి అక్కడే ఉండాలి. పై అంతస్తులో ఉంచుదామంటే నిప్పు భయం ఉంది. 2020 ఆగస్టు 9న ఇదే నగరంలో కోవిడ్ కేంద్రంగా మార్చిన ఒక హోటలులో మంటలు లేచి, మేడ మీద ఉన్నవాళ్ళు దిగే దారి లేక పడిన పాట్లు మనం టీవీలో చూశాం. కింద నీళ్ళు, పైన నిప్పు. ఈ రెండింటిలో ఏది మేలో నేను తేల్చలేను. “నడవలేని మనిషిని మెట్ల మీదుగా ఎప్పుడైనా మోసి చూశారా, ఎంతసేపు పట్టింది?” అని మాత్రం అడగగలను. దానికి జవాబున్నది ఆ ఒక్క హోమ్‌లోనే, అదీ వరద పుణ్యమా అని.

గుంటూరుకు బుడమేరు బాధ లేదు గాని ఎండ ఉంది. రోహిణి కార్తెలో గాలిదుమ్ముకు కరెంటు పోయిన రోజున జనరేటరు ఎన్ని గంటలు నడిచింది, డీజిలు ఎవరు తెచ్చారు అని అడగండి. చాలా చోట్ల ఉన్నది ఇన్వర్టరు. అది ఆఫీసు గదిలో ఫ్యానుకు సరిపోతుంది.

అన్నం, స్నానం, రిమోటు

భోజనం గురించి అందరూ రుచి అడుగుతారు, నేనూ అడిగాను. గోంగూర పెడతారా, ఆవకాయ వేస్తారా అని మా అమ్మ తరఫున వాకబు చేశాను. అడగవలసింది వేళ. “నిన్న రాత్రి భోజనం ఎన్నింటికి పెట్టారు?” అంటే ఒక చోట “ఐదూ ముప్పావుకి” అన్నారు. మర్నాడు టిఫిను ఎనిమిదింటికి. మధ్యలో పధ్నాలుగు గంటలు. షుగరు మాత్ర వేసుకునే మనిషికి తెల్లవారుజామున ఒళ్ళంతా చెమటలు పట్టి కళ్ళు తిరగడానికి ఆ పధ్నాలుగు గంటలు చాలు. వంటమనిషి ఏడింటికి ఇంటికి వెళ్ళిపోవాలి కాబట్టి ముసలివాళ్ళకు ఐదూ ముప్పావుకి ఆకలి వేయాలి.

స్నానాల సంగతి నాకు తట్టలేదు, అమ్మకు తట్టింది. ఐదో హోమ్‌కు రెండోసారి వెళ్ళినప్పుడు ఆమెను వీల్‌చెయిర్‌లో తీసుకెళ్ళాం. నేను ఆఫీసు గదిలో డిపాజిట్టు మాట్లాడుతూ ఉంటే, ఆమె వరండాలో ఇద్దరు ఆడవాళ్ళ పక్కన ఆగి, పది నిమిషాల్లో నేను ఐదు వారాల్లో తెలుసుకోలేనిది తెలుసుకుంది. అక్కడ స్నానాలు తెల్లవారుజామున నాలుగున్నరకు. రాత్రి డ్యూటీ ఆయాలు ఆరింటికి దిగిపోయేలోగా అందరికీ నీళ్ళు పోయాలి. మా అమ్మ జీవితమంతా నాలుగింటికి లేచి కళ్ళాపి చల్లిన మనిషి, కాబట్టి ఆమెకు అది ఇబ్బంది కాదని నేను అన్నాను.

“నేను లేచేదాన్ని రా,” అన్నది అమ్మ. “ఎవరూ లేపేవాళ్ళు కాదు.”

నిర్వాహకురాలితో ఆమే మాట్లాడుకుంది. ఆరున్నరకు, పగటి డ్యూటీ ఆయా చేత, వారానికి నాలుగు రోజులు. మిగతా మూడు రోజులు తడిగుడ్డతో తుడిస్తే చాలునని ఆమే తగ్గింది.

హాల్లో టీవీ రిమోటు ఎవరి చేతిలో ఉందో కూడా చూడండి. నేను చూసిన ఆరింటిలో నాలుగు చోట్ల అది ఆయా కొంగుకింద ఉంది.

డబ్బు, పంపించేయడం

నెల ఫీజు ఎంతని అడగనివాళ్ళుండరు కాబట్టి దాని జోలికి పోను. ఫీజులో లేనివి అడగాలి: డైపర్లు, ఫిజియోథెరపీ, ఆసుపత్రిలో తోడుండే మనిషికి రోజుకింత, అమ్మ ఆసుపత్రిలో ఉన్న రోజులకు మంచం ఖర్చు. పోయిన నెలలో ఎవరికైనా ఇచ్చిన బిల్లు, పేరు మూసి చూపించమంటే ఇవన్నీ ఒక్క కాగితంలో కనబడతాయి. ఆదాయపు పన్ను శాఖ దగ్గర ధర్మసంస్థగా నమోదైన హోములు, అరవై దాటిన వాళ్ళ దగ్గర నెలకు 25,000 రూపాయల వరకు తీసుకునే ఫీజుకు జీఎస్టీ మినహాయింపు 2018 నుంచి ఉంది. ఈ సంగతి తెలియకుండా బిల్లు వేసే అకౌంటెంట్లూ ఉంటారు.

అంతకంటే ముఖ్యమైనది, “ఇక్కడి నుంచి ఆఖరిసారి ఎవరిని పంపించేశారు, ఎందుకు?” అన్న ప్రశ్న. మన దగ్గర చాలా హోములు తమ పనులు తాము చేసుకోగలిగిన వాళ్ళనే చేర్చుకుంటాయి. చేరినప్పుడు నడిచిన మనిషి మూడేళ్ళ తరువాత మంచం పడితే ఏమవుతుందన్నది ఒప్పందం కాగితంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది, లేదా అసలు ఉండదు. ఒక చోట ఈ ప్రశ్నకు మేనేజరు గారు, “పంపించెయ్యమండీ, పిల్లలకి ఫోను చేసి తీసుకెళ్ళమంటాం” అన్నారు. ఈ రెండింటికీ తేడా ఏమిటో నేను అడగలేదు.

ఇన్ని అడగవచ్చునా?

నాతో పనిచేసి రిటైరైన మిత్రుడొకాయన తన తండ్రిని రెండేళ్ళు హోమ్‌లో ఉంచారు. ఇదంతా విని, “నువ్వు ఇన్‌స్పెక్టరులా అడిగి వచ్చేస్తావు. రేపు అక్కడుండేది మీ అమ్మ. ‘ఆ లా పాయింట్లు లాగే ఆయన తల్లి’ అని ఆయాలు గుర్తు పెట్టుకోరా?” అన్నారు. ఈ మాటకు నా దగ్గర పూర్తి సమాధానం లేదు. ఫిర్యాదు చేయడానికి 14567 నంబరు వృద్ధుల హెల్ప్‌లైను ఉంది, నా ఫోనులో దాచుకున్నాను. కాని అమ్మను అక్కడే ఉంచి ఆ నంబరు నొక్కగలనా అన్నది వేరే సంగతి.

అంతకంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది మరొకటి. గోరంట్ల వైపు హోమ్‌లో “నిన్న రాత్రి ఎవరున్నారు?” అని నేను అడిగినందుకు నష్టపోయేది యజమాని కాదు. మేడ మెట్ల దగ్గర నాకు ఎదురైన ఆయా పల్నాడు పల్లె నుంచి వచ్చిన మనిషి. ముందు రోజు పగలూ రాత్రీ రెండు డ్యూటీలు చేసి, మూడో దానికి నిలబడి ఉంది. ఆ బెల్లు తీగ పీకింది ఆమే అయినా, పీకక ఏం చేస్తుందో నాకు తెలియదు. ముప్పై ఒక్కమందికి ఇద్దరిని పెట్టినవాడు ఆఫీసు గదిలో కూడా లేడు. అందుకని, జరిగినదాన్ని గురించిన ప్రశ్నలన్నీ ఆఫీసులోనే అడగాలని నియమం పెట్టుకున్నాను. ఆయాలను అడిగేవి రెండే: ఎన్నాళ్ళుగా చేస్తున్నావమ్మా, డ్యూటీ ఎన్ని గంటలు? ఆరు హోముల్లో మూడేళ్ళు దాటిన ఆయాలు ఒకరికంటే ఎక్కువ కనబడింది నల్లపాడు దారిలోని హోమ్‌లోనే. మా ఆవిడ మాట కంటే, ఆ రెండో బల్బు కంటే, నా మనసు అటు మొగ్గడానికి అదే ఎక్కువ కారణం.

అమ్మ అక్కడ చేరి ఇప్పటికి తొమ్మిది వారాలు. వాకరు పట్టుకుని వరండా చివరి దాకా నడుస్తోంది. రోజూ సాయంత్రం ఏడింటికి ఫోను చేస్తాను. మొదట్లో “బాగున్నావా?” అని అడిగేవాణ్ణి, “బాగానే ఉంటాలే” అనేది. ఆ “ఉంటాలే” నాకు ఎంతకూ మింగుడుపడేది కాదు. ఇప్పుడు నిన్న రాత్రి ఏం కూర, ఎన్నిసార్లు లేచావు, ఎవరు లేపారు అని అడుగుతున్నాను. బీరకాయ, ఉప్పు తక్కువ, మూడుసార్లు, మేరీ అని చెబుతుంది.

నిన్న మాత్రం ఇవేవీ చెప్పలేదు. పక్క మంచం ఆవిడ పొద్దున లేచేసరికి లేదట, ఆసుపత్రికి తీసుకెళ్ళారట. ఎప్పుడు తీసుకెళ్ళారని అడిగితే, “నాకు మెలకువ రాలేదు రా” అన్నది. ఆవిడ మంచం పక్కన బెల్లు ఉంది, పనిచేస్తుంది, నేనే రెండుసార్లు నొక్కి చూశాను. ఆదివారం వెళ్ళినప్పుడు ఆ రాత్రి డ్యూటీలో ఎవరున్నారో అడగాలి, ఆఫీసులో.